రన్‌వే పక్కన పాడిన పాట

"సేప వల్లోకొచ్చేస్తే ఇంక సముద్రంలో ఉండదు కదండీ. అదేనా మీరు సెప్పేది?" అని అడిగాడు నూకరాజు.

ఋషికొండ దాటాక కొండవాలులో ఉన్న మా ప్రయోగశాలకి ఆయన వచ్చిన మొదటి రోజది. అంగీకార పత్రంలోని పదకొండు పేరాలూ నేను చదివి వినిపించాను. ఎనభై మూడేళ్ళ ఆ జాలరి చెయ్యి చెవికి ఆనించుకుని అంతా విని, ఆ ఒక్క మాట అడిగాడు. పదకొండు పేరాల్లో ఉన్నదీ అదే.

"అదేనండి" అన్నాను.

మనిషి దేన్నైనా తలచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం మెదడులో కాసేపు మెత్తబడుతుంది. తలచుకోవడం అయిపోయాక మళ్ళీ గట్టిపడుతుంది. మా యంత్రం ఆ మెత్తదనాన్ని నలభై నిమిషాలు నిలబెడుతుంది. అంతసేపు నిలిస్తే, ఎప్పుడో ఆ మనిషి చెవిన పడ్డ శబ్దాన్ని మళ్ళీ శబ్దంగా రాసుకోవచ్చు. కానీ అంతసేపు మెత్తబడి ఉన్న జ్ఞాపకం ఇక గట్టిపడదు, కరిగిపోతుంది. ముందు ఎలుకల మీద చూశాం. మనుషుల్లో మొదటిదాన్ని నేనే. మా అమ్మ నన్ను అన్నానికి పిలిచే పిలుపు ఇచ్చాను. ఆ రికార్డు కంప్యూటరులో భద్రంగా ఉంది. పెట్టుకుని వింటే ఎవరో ఆవిడ ఎవరి పిల్లనో పిలుస్తున్నట్టు ఉంటుంది.

ఇదీ ఆయనకి చెప్పాను. చాలాసేపు నా ముఖంలోకి చూశాడు.

"ఎందుకిచ్చేసినారమ్మా?" అన్నాడు.

నేను కాగితాలు సర్దుకున్నాను.

ఆయనని తీసుకొచ్చింది ఎస్తేరు. నర్సుగా చేసి రిటైరయింది. అరవై రెండేళ్ళు. ఆమె మా దగ్గరికి ఎనిమిది ఉత్తరాలు రాసింది. అన్నిటిలోనూ ఒక్కటే కోరిక, తన తండ్రి గొంతు వినాలని.

తండ్రి పేరు దానియేలు. వాల్తేరు లోకో షెడ్డులో ఫిట్టరు. 1961లో రైల్వే కాలనీలో ఉండే ఇద్దరు ఆంగ్లో ఇండియన్ అన్నదమ్ములు డెస్మండు, ఆర్థరులతో కలిసి ఒక బ్యాండు పెట్టాడు. దాని పేరు లైట్‌హౌస్ బాయ్స్. డ్రమ్ములకి మనిషి కావాలి. జాలరిపేటలో అమ్మవారి పండక్కి డప్పు కొడుతున్న నూకరాజుని చూసి, అతని చేతులు నచ్చి, వెంటబెట్టుకుపోయాడు. శనివారం శనివారం డాన్సు హాల్లో ఆ నలుగురూ రాక్ అండ్ రోల్ వాయించేవారు. ఇంగ్లీషు పాటలు అయిపోయాక దానియేలు తను కట్టిన తెలుగు పాట ఒకటో రెండో అందుకునేవాడట. దొరలు ముందు నవ్వేవారట, తర్వాత లేచి ఆడేవారట. రికార్డు చేద్దామని మద్రాసుకి ఉత్తరం రాశారు గాని, వెళ్ళడం కుదరలేదు.

1963 డిసెంబరులో కొండల అవతల మాంగనీసు గని యజమాని ఒకాయన కొత్త సంవత్సరం డాన్సుకి వాళ్ళని పిలిచాడు. తన సొంత విమానం పంపాడు. ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం బయల్దేరిన ఆ చిన్న విమానం అనంతగిరి మీద మబ్బులో కొండని గుద్దుకుంది. అయిదో రోజుకి గాని కొండ మీద ఊళ్ళవాళ్ళకి కనబడలేదు. పైలటుతో కలిపి నలుగురు పోయారు. బరువు ఎక్కువైందని నూకరాజు డ్రమ్ములతో సహా ఆగిపోయి, మర్నాటి బస్సులో వెళ్దామనుకున్నాడు గనక మిగిలాడు.

ఎస్తేరు ముప్పయ్యొకటిన పుట్టింది.

"ముప్పయ్యో తారీకు పొద్దున్నే అమ్మకి నొప్పులు మొదలయ్యాయి మేడమ్" అని ఎస్తేరు నాతో చెప్పింది. "సామాన్ల కోసం ఇంటికి వచ్చిన నూకరాజు మామయ్యతో, ఆయన్ని వెనక్కి వచ్చెయ్యమని చెప్పు అని కబురు పెట్టింది. మామయ్య చెప్పాడు. అయినా నాన్న ఎక్కేశాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు. నాకంటే పాటే ఎక్కువైంది మనిషికి అనేది. పోయేముందు కూడా అదే మాట అంది."

ఆమె తల్లి మాణిక్యం చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆ బ్యాండు విన్నవాళ్ళలో ఎస్తేరుకి తెలిసి బతికున్నది నూకరాజు ఒక్కడే.

మూడుసార్లు ఆయన్ని కూర్చోబెట్టి వెతికాం. వెతకడం అంటే అయిదు నిమిషాలకి మించకుండా పైపైన చూడటం, దానివల్ల నష్టం ఉండదు. శనివారాలు తలచుకోమన్నాం. తలచుకున్నాడు. స్పీకరులో హోరు తప్ప ఏమీ రాలేదు. రెండేళ్ళ శనివారాలు ఒకదాని మీద ఒకటి పోసినట్టు కలిసిపోయాయి. ఎన్నోసార్లు విన్న దానికంటే, గుండె అదిరిన రోజు ఒక్కసారి విన్నదే స్పష్టంగా నిలుస్తుంది. మూడోసారి కూర్చున్నప్పుడు ఆ హోరు మధ్యలో ఒక్క క్షణం అన్నీ విడివిడిగా వినిపించాయి. గడ్డిలో గాలి, గిటారు తీగ, ఎవరో గొంతు సవరించుకోవడం.

నూకరాజు తల మీద మేం పెట్టిన యంత్రం టోపీ లాగి పడేశాడు.

"ఆ రోజొద్దు" అన్నాడు.

"ఏ రోజు మామయ్యా?" అంది ఎస్తేరు.

"ఇవానం కాడ. ఎక్కే ముందు పాడినాడు. అదొద్దమ్మా. ఇంకేదైనా తీసుకోండి."

ఇంకేదీ లేదు. ఆ సంగతి చెప్పాను. ఆయన కండువా భుజాన వేసుకుని బస్సు స్టాపుకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఎస్తేరు నన్ను భోజనానికి పిలిచింది. నేను వెళ్ళేసరికి నూకరాజు వరండాలో ఉన్నాడు. ప్రతి ఆదివారం చేపలు తెస్తాడు. ఎస్తేరు పుట్టిన వారం నుంచీ తెస్తున్నాడు. తుఫానులో పడవలు దిగని వారం ఎండుచేపలు తెచ్చేవాడట. ఆ వేళ వంజరం తెచ్చి, తనే కోసి, కడిగి ఇచ్చాడు. తర్వాత కుర్చీలో కూర్చుని దాని చేతుల మీద వేళ్ళు ఆడించసాగాడు. మొదట ఊరికే అనుకున్నాను. చూస్తే అది తాళం. ఎడమ చెయ్యి ఒకటి, కుడి చెయ్యి ఇంకొకటి.

"నా చిన్నప్పుడు ఆ చప్పుడికే నిద్రపోయేదాన్ని. అమ్మ తిట్టేది" అంది ఎస్తేరు.

నూకరాజు వేళ్ళు ఆపేశాడు.

ఎస్తేరు ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. "మామయ్యా, నేను బలవంతం చెయ్యను. కానీ ఒక్కటి చెప్తాను. నాకు నాన్న మీద కోపం ఉంది. అమ్మది నాకు వచ్చింది. అమ్మని అలా వదిలేసి వెళ్ళేంత గొప్ప పాట ఏంటో ఒక్కసారి వింటే, ఆ కోపం ఉంచుకోవాలో మానుకోవాలో తెలుస్తుంది. నేనూ పెద్దదాన్నయిపోయాను."

ఆయన భోజనానికి లేవలేదు. ఎండ తగ్గాక చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్న ప్రయోగశాల గేటు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"ఆ రోజే తీసుకోండి" అన్నాడు.

మళ్ళీ అన్నీ చదివి వినిపించాను. ఆ రోజు మళ్ళీ గుర్తు రాదని చెప్పాను. తల ఊపాడు. వేలిముద్ర వేయించబోతుంటే, సంతకం చేస్తానన్నాడు. డెస్మండు నేర్పాడట, ఇంగ్లీషులో.

"ఒక్క మాట డాక్టరమ్మగారూ. అందులో పాటొక్కటే ఉండదు. మాటలుంటాయి. ముక్క కొయ్యకండి. మొత్తం ఆ గుంటకి, ఎస్తేరమ్మకి ఇచ్చేయండి."

"ఏం మాటలండి?"

"ఇంటారు కదా" అన్నాడు.

నేను అప్పుడే ఆగి ఉండాల్సింది. ఆ మాటల సంగతేమిటో ముందు అడిగి తెలుసుకోవాల్సింది. నాలుగేళ్ళుగా ఒక స్పష్టమైన రికార్డు కోసం ఎదురుచూస్తున్నాను. ఆగలేదు.

నలభై నిమిషాలూ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద తాళం వేశాయి. ముప్పయ్యో నిమిషం దాటాక అవి నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి. టోపీ తీసేసరికి నన్ను చూసి నవ్వి, "అయిపోనాదా? ఏటీ నొప్పి నేదు" అన్నాడు. టీ తెప్పించాను. బిస్కెట్టు టీలో ముంచుకుని తిన్నాడు.

"దానియేలు గుర్తున్నాడా అండీ?" అని అడిగాను. ఆ రోజు పోతుందని తెలుసు, మనిషి ఎలాగూ గుర్తుంటాడనుకుని అడిగిన ప్రశ్న అది.

"ఎవులు?" అన్నాడు.

డెస్మండు అన్నాను. ఆర్థరు అన్నాను. లైట్‌హౌస్ బాయ్స్ అన్నాను. ప్రతిదానికీ మర్యాదగా ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు.

ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. అరవై రెండేళ్ళుగా ఆయన ఆ రోజుని తలచుకోకుండా ఒక్క పూటా గడపలేదు. దానియేలుకి సంబంధించిన ప్రతి సంగతీ, ఆ శనివారాలూ ఆ పాటలూ, పోయిపోయి ఆ ఒక్క రోజుకే ముడిపడి ఉన్నాయి. ఆ ముడి లాగితే అన్నీ కలిసి వచ్చేశాయి. ఎలుకలకి పశ్చాత్తాపం ఉండదు. అందుకే ఈ ప్రమాదం మాకు ముందు కనబడలేదు.

ఎస్తేరు వచ్చేలోగా రికార్డు నేను విన్నాను.

గాలి. దూరంగా ఇంజను సరిచేస్తున్న చప్పుడు. గిటారు. దగ్గరగా, చాలా దగ్గరగా, తోలు పెట్టె మీద అరచేతుల తాళం. తర్వాత ఒక మగ గొంతు, సన్నగా, కొంచెం జీర పట్టి, నవ్వు దాచుకుంటున్నట్టుగా పాడింది.

"రైలు కూత కూసే యేళకి
రేవు కాడ నువ్వుండాల
నీ కాలి పట్టీ గల్లుమంటే
నా గిటారు పలకాల"

రెండు చరణాలు. అంతే. అయిపోయాక ఎవరో చప్పట్లు కొట్టారు. పైలటు కాబోలు, బరువు ఎక్కువైంది, ఒకరు ఆగిపోవాలి అని ఇంగ్లీషులో కేక వేశాడు.

"నానుండిపోతాను" అంది ఆ గొంతు. "రేపు బస్సుకి డ్రమ్ములట్టుకుని వొచ్చేస్తాను. ఈ పూట మాణిక్యం కాడుంటాను. రాత్రి నుంచి నడుం నొప్పంటన్నాది. నువ్వు ఎల్లినప్పుడు ఎలగున్నాదిరా?"

కాసేపు గాలి మాత్రమే వినిపించింది. తర్వాత ఇరవై ఏళ్ళ నూకరాజు గొంతు. "బాగానే ఉన్నాది."

"ఏటైనా సెప్పమన్నాదా?"

"ఏటీ నేదు. ఎల్లి రమ్మన్నాది."

"నిజవేనా?"

"నిజవే. నువ్వు నేకపోతే ఆల్లేటి పాడతారు? డ్రమ్ములు నాను తెస్తాను."

దానియేలు నవ్వాడు. "ఇవానవంటే భయమేటిరా నీకు? డెస్మండు సూపించిన ఆ పేపరు బొమ్మ ఇంకా మర్సిపోనేదా?"

ఆ బొమ్మ గురించి ఎస్తేరు ఒకసారి నాకు చెప్పింది. అమెరికాలో రాక్ అండ్ రోల్ పాడే ముగ్గురు కుర్రాళ్ళతో ఒక చిన్న విమానం మంచులో కూలిపోతే, ఆ ముక్కల ఫోటో ఇంగ్లీషు పత్రికలో వచ్చిందట.

"నాకేటి భయం" అన్నాడు నూకరాజు.

"సరే. అలగయితే నువ్వు సాయంత్రం ఇంటికెల్లి మాణిక్యంతో ఒక మాట సెప్పు. పాట పూర్తయిపోనాదని సెప్పు. వొచ్చేక ముందు బిడ్డకే పాడతానని సెప్పు."

అడుగుల చప్పుడు గడ్డిలో దూరమైంది. తలుపు పడింది. ఇంజను హోరు పెరిగింది. ఆ హోరు కింద, మైకుకి నోరు ఆనించి గుసగుసలాడినట్టు, "దానియేలూ, దిగిపోరా" అన్న మాట మూడుసార్లు వినిపించింది. అది విమానం దాకా వెళ్ళేంత గట్టిగా లేదు.

ఎస్తేరు వచ్చింది. కొయ్యొద్దన్నారు గనక కొయ్యలేదు. ఆమె విన్నంతసేపూ నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను. పాట అయినప్పుడు ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తర్వాత మాటలు వచ్చాయి. హోరు వచ్చింది. ఆగింది.

"మా నాన్న ఉండిపోతానన్నాడు" అంది ఎస్తేరు.

నేను నీళ్ళ గ్లాసు అందించాను. తీసుకోలేదు.

"అమ్మ ఇది వినకుండా పోయింది మేడమ్. రెండేళ్ళు. రెండేళ్ళ ముందు మీ మిషను ఉండుంటే." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "మా ఇంట్లో కూర్చుని మా అమ్మ ఇచ్చిన టీ తాగాడు ఆదివారం ఆదివారం. ఆవిడ నాన్నని తిడుతుంటే వింటూ తాగాడు."

బయట బెంచీ మీద నూకరాజు కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచాడు.

"ఏటమ్మా, మొకం అలగున్నాది? ఎవులైనా ఏటైనా అన్నారేటి?"

ఎస్తేరు ఆయన ముందు నిలబడింది. చెయ్యి లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండి దిగిపోయింది. ఆమె తిరిగి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన అయోమయంగా నావైపు చూశాడు. సాయంత్రం నా కారులో జాలరిపేటలో దింపాను. దారిలో ఎంత చూసినా ఆ చేతులు ఒళ్ళో కదలకుండా పడి ఉన్నాయి.

మర్నాడు యంత్రం ఆపేయించాను. జరిగింది రాసి పంపాను. పైవాళ్ళు ఇది అరుదైన కేసు అన్నారు. నేను రాజీనామా రాసి, అది ఆమోదించేలోగా ఆయనకి వారం వారం పరీక్షలు చేస్తూ ఉండిపోయాను. మిగతా జ్ఞాపకాలన్నీ బాగానే ఉన్నాయి. పోయిన భార్య పేరు, పడవ నంబరు, ఏ గాలికి ఏ చేప పడుతుందో అన్నీ చెప్పేవాడు.

"ఆదివారం ఎస్తేరమ్మింటికి సేపలట్టుకెల్లేను. తలుపు తియ్యనేదు" అన్నాడు ఒకసారి. "గడప కాడ పెట్టేసి వొచ్చీసేను. ఎందుకెల్తన్నానో నాకే తెల్దండి. కాళ్ళెల్తన్నాయి."

ఆరు ఆదివారాలు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఏడో వారం పరీక్షకి నూకరాజు వచ్చిన కాసేపటికి ఎస్తేరు వచ్చింది. ఆమె సన్నబడింది. లోపలికి రాకుండా నా గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్న మీద కోపం పోయింది" అంది. "అది ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు మేడమ్. పెట్టాల్సినవాడు పక్కగదిలో కూర్చుని బిస్కెట్టు తింటున్నాడు. తిట్టినా ఎందుకు తిడుతున్నానో తెలియదు. క్షమించినా తెలియదు. అడగడానికి కూడా మనిషి లేకుండా చేసేశారు."

అది నిజం. 

"కావాలనే చేశాడంటారా?" అంది. "తప్పించుకుందామని?"

"ఆ రోజు మరిచిపోతాడని ఆయనకి తెలుసు" అన్నాను. "కానీ మొత్తం మీకు ఇమ్మని కూడా ఆయనే చెప్పాడమ్మా. చెప్పకుండా దాచుకోవాలంటే, ఈ గేటు దగ్గరికి రాకపోతే సరిపోయేది."

ఆమె పాట ఒక్కటే కోసి ఇమ్మని అడిగింది.

"ఆయన కొయ్యొద్దన్నారు."

"అది నాకు. ఇది ఆయనకి."

పక్కగదిలో స్పీకరు పెట్టాను. నూకరాజు ఎస్తేరుని చూసి సంతోషంగా జరిగి కూర్చుని చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. పాట మొదలైంది. ఆయన చెయ్యి చెవికి ఆనించి, తల కొంచెం వంచి, ఊరు కాని ఊళ్ళో ఎవరో పాడుతుంటే నిలబడి విన్నట్టు విన్నాడు.

"గొంతు బాగున్నాది" అన్నాడు. "ఎవులమ్మా?"

"మా నాన్న."

"ఉన్నారా?"

"లేరు. నేను పుట్టే ముందురోజు పోయారు. విమానం కూలిపోయింది."

"అయ్యో" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెలియని మనిషి చావుకి ఎవరికైనా తిరిగే నీళ్ళు అవి. ఇంకోసారి పెట్టమన్నాడు. రెండోసారి వింటూ మొహం చిట్లించాడు.

"పాట బాగున్నాది గాని, ఎనకాల తాళం యేసినోడు తొందర పడతన్నాడమ్మా. సెయ్యి నిలకడగా నేదు. దేనికో బెదిరిపోయినట్టున్నాడు."

ఎస్తేరు కొంగు పిడికిట బిగించుకుంది. "బెదిరాడు మామయ్యా" అంది.

"కుర్రోడేటి?"

"ఇరవై ఏళ్ళు."

"ఆ గుంటడూ ఇవానంలోనే పోనాడా?"

"లేదు" అంది.  "బతికాడు. చాలా ఏళ్ళు బతికాడు."

"మంచిదే" అన్నాడు నూకరాజు. "ఒక్కడైనా మిగిలినాడు."

ఎస్తేరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. పాట మళ్ళీ పెట్టమని ఆయన నన్ను అడిగాడు.